డెక్కు అంచున నిలిచే కంచె: దాని బలం ఎక్కడున్నది?

సముద్రం మీద తెరచాపలతో సాగిపోయే యాట్ బొమ్మను చూచినవారికి, దాని అంచు వెంబడి నిలువుగా పాతిన సన్నని కడ్డీలు, వాటి గుండా రెండు వరుసలుగా లాగి కట్టిన తీగలు కనిపించే ఉంటవి. కడ్డీలను నావికులు స్టాంచన్లంటారు, తీగలను లైఫ్‌లైన్లంటారు. తీగల కొసలను పట్టి ఉంచడానికి పడవ ముక్కు దగ్గర, వెనుక భాగాన గొట్టాలను వంచి అతికిన చట్రాలుంటవి. అల కొట్టినప్పుడో, పడవ ఒరిగినప్పుడో డెక్కు మీద కాలు జారిన మనిషిని నీటిపాలు కాకుండా ఆపవలసినది ఈ కంచెయే.

మెరుగు పెట్టిన ఉక్కు తళతళ మెరుస్తుంది గనుక కొనేవాని దృష్టి మొదట కడ్డీ మీదనే పడుతుంది. కడ్డీ ఎంత లావు, తీగ ఎంత మందం అని అడుగుతాడు. కాని కూలిన కంచెలను పరీక్షించి చూస్తే కడ్డీ నడిమికి విరగడం అరుదు. సాధారణంగా పోయేది దాని పాదం. బోల్టు ఊడి రావడం, బోల్టు క్రింది డెక్కు నలిగిపోవడం, డెక్కు గుండా పోయే చోట లోహం తినివేయబడడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఇవన్నీ పడవ లోపలికి దూరి, పైకప్పును పరికించి చూస్తే తప్ప కనబడని చోట్లు.

మొదట ఎత్తు సంగతి చూద్దాం. పెద్ద ఓడల మీద కంచె కనీసం 1 మీటరు ఎత్తు ఉండవలెనని 1966 నాటి అంతర్జాతీయ లోడ్‌లైన్ ఒడంబడిక నిర్ణయించింది. సముద్రపు పందేలలో పాల్గొనే యాట్లకు ప్రపంచ సెయిలింగ్ సంస్థ విధించిన కనీసపు ఎత్తు 60 సెంటీమీటర్లు మాత్రమే. నిలబడిన మనిషి గరిమనాభి సుమారుగా నాభి ప్రాంతంలో ఉంటుంది. అయిదున్నర అడుగుల మనిషికి అది నేల నుంచి 90 సెంటీమీటర్లకు పైమాటే. ఓడ కంచె దానికి పైన తగులుతుంది, మనిషి ఆగుతాడు. యాట్ కంచె దానికి క్రింద, మోకాలికి కొంచెం పైన తగులుతుంది. అప్పుడు కంచె గోడగా కాక, తులాదండానికి ఆధారబిందువుగా పనిచేసి, మనిషిని తలక్రిందులుగా అవతలికి పడవేయగలదు! అందుచేతనే గాలి హెచ్చినప్పుడు డెక్కు మీద వంగి నడవమనీ, అవసరమైతే ప్రాకమనీ నావికులకు నేర్పుతారు. ప్రాకే మనిషికి 60 సెంటీమీటర్ల కంచె చక్కని గోడ.

మరి కంచెను మీటరు ఎత్తు చేయరాదా అన్న ప్రశ్న పుడుతుంది. తెరచాపల తాళ్లకు అడ్డం రావడం ఒక కారణం. రెండవ కారణం బల భ్రామకం. కడ్డీ ఎత్తు పెరిగిన కొద్దీ దాని పాదం మీద పడే భ్రామకం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఉన్న 60 సెంటీమీటర్లకే ఆ భ్రామకం ఎంతటిదో లెక్క కట్టి చూడవచ్చును.

ఒక మనిషి లోపలి నుంచి వచ్చి కడ్డీ కొసమీద 100 కిలోల బలంతో పడినాడనుకొందాం. కడ్డీ పాదానికి చతురస్రాకారపు పీట ఉన్నది. నాలుగు మూలలా నాలుగు బోల్టులు. కడ్డీ బయటకు ఒరగబోతుంది గనుక పీట బయటి అంచు ఆధారబిందువు అవుతుంది. లోపలి వరుసలోని రెండు బోల్టులు పైకి లాగబడుతవి. ఆధారబిందువుకు ఆ బోల్టులకు నడుమ 6 సెంటీమీటర్ల దూరమున్నదనుకొంటే, 100 కిలోల బలాన్ని 60 సెంటీమీటర్లతో హెచ్చించి 6 తో భాగించవలెను. వచ్చేది 1,000 కిలోలు. ఒక్కొక్క బోల్టుకు 500. బావి దగ్గర ఏతంతోనూ, పెద్దబండను కదిలించే గునపంతోనూ మనకు మేలు చేసే సూత్రమే ఇక్కడ మనకు విరోధి అయినది. పైగా 100 కిలోలన్నది నిదానంగా ఆనుకొన్న మనిషి లెక్క. ఒక మీటరు దూరం పడి వచ్చిన మనిషిని 25 సెంటీమీటర్లలో ఆపవలసి వస్తే సగటు బలం అతని బరువుకు అయిదు రెట్లవుతుంది.

ఇక తీగ సంగతి. దండెం మీద తడిబట్టలు ఆరవేసే ప్రతి ఇంటిలోనూ ఈ పాఠం ఉన్నది. దండెం కొంచెం వదులుగా ఉంటే మేకులు నిలుస్తవి. సాగకుండా బిగించి కడితే మేకు ఊడి వస్తుంది. తీగ నడిమిని బరువు వేలాడినప్పుడు ఆ బరువును మోసేది తీగలోని తన్యత కాదు, తన్యతలో నిలువుదిశకు వచ్చే చిన్న అంశం మాత్రమే. తీగ ఎంత తిన్ననైతే ఆ అంశం అంత చిన్నదవుతుంది; తన్యత అంత పెద్దది కావలసి వస్తుంది. 2 మీటర్ల దూరంలో ఉన్న రెండు కడ్డీల నడుమ తీగ మీద 80 కిలోల బలం పడి, తీగ 5 సెంటీమీటర్లు మాత్రమే వంగితే, తీగలో తన్యత 800 కిలోలు. 20 సెంటీమీటర్లు వంగనిస్తే 200 కిలోలే.

దీనిని పాఠశాలలో సులభంగా చూపవచ్చును. రెండు స్ప్రింగు త్రాసులను 2 మీటర్ల దూరంలో ఎదురెదురుగా తగిలించి, వాటి నడుమ దారం కట్టి, దారం మధ్య 1 కిలో బరువును వేలాడదీయవలెను. నడిమి బరువు 10 సెంటీమీటర్లు దిగేటట్లు దారాన్ని బిగిస్తే ఒక్కొక్క త్రాసు దాదాపు 5 కిలోలు చూపుతుంది. ఒక కిలో బరువుకు రెండు వైపులా అయిదేసి కిలోలేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడితే, ఆ రోజు పాఠం సగం చెప్పినట్లే.

అయితే తీగను బాగా వదులుగా వదలిపెట్టడమూ పనికిరాదు. వదులు తీగ మీద పడిన మనిషి అంచు దాటి ఒరిగిపోతాడు. పందెపు నియమాలు రెంటికీ నడిమి దారి తీసినవి. కడ్డీల మధ్య దూరం 2.2 మీటర్లకు మించరాదు. పై తీగ నడుమ సుమారు 5 కిలోల బలంతో నొక్కితే 5 సెంటీమీటర్లకు మించి వంగరాదు. తీగ మందం పడవ పొడవును బట్టి ఉంటుంది: 8.5 మీటర్లకు లోపు పడవకు 3 మిల్లీమీటర్లు, 13 మీటర్ల వరకు 4, అంతకు మించితే 5. ఆ తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉండరాదని కూడా నియమమున్నది. తొడుగు తీగ చేతికి మెత్తగా, చూపుకు శుభ్రంగా ఉంటుంది. దుకాణంలో అదే ఇష్టపడతారు. కాని దాని లోపలికి చేరిన ఉప్పునీరు బయటికి రాదు, లోపల జరిగేది కంటికి కానరాదు. బలం తెలియని తీగ కంటె చేతికి గరుకైన తీగయే మేలు కదా!

ఇప్పుడు డెక్కు క్రిందికి దిగవలెను. పై లెక్కలో ఒక్కొక్క బోల్టుకు 500 కిలోలు వచ్చినవి. 6 మిల్లీమీటర్ల మంచి స్టెయిన్‌లెస్ బోల్టు దానిని తాళగలదు. తాళలేనిది డెక్కు. నేటి యాట్లలో అధికభాగం ఫైబర్‌గ్లాస్‌వి. వాటి డెక్కు ఒకే మందపు పలక కాదు. పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, క్రింద మరొక పొర, రెంటి నడుమ తేలికైన పదార్థం. రొట్టెముక్కల నడుమ కూర పెట్టినట్లుంటుంది. నడుమ ఉండేది సాధారణంగా బాల్సా అనే అతి తేలిక చెక్క, లేదా గట్టి నురుగు పదార్థం. దూరంగా ఉంచిన రెండు పలుచని పొరలు వంగకుండా నిలుస్తవి, బరువు మాత్రం స్వల్పం. ఇంజనీర్లు ఇనుప దూలాన్ని ఐ అక్షరం ఆకారంలో తయారుచేసేదీ ఈ కారణం చేతనే. పరచిన బరువును ఈ డెక్కు సులభంగా మోస్తుంది. ఒక్క బిందువు దగ్గర గుచ్చి లాగితే మాత్రం ఓడిపోతుంది.

మామూలు వాషరు వైశాల్యం, నడిమి రంధ్రం తీసివేస్తే, ఒక చదరపు సెంటీమీటరు కూడా ఉండదు. దాని మీద 500 కిలోలు పడితే పీడనం చదరపు సెంటీమీటరుకు 600 కిలోలు దాటుతుంది. దానికి బాల్సా చెక్క నలుగుతుంది, లోపలి పొర పగులుతుంది. అదే చోట 10 సెంటీమీటర్ల చతురస్రపు గట్టి పలకను క్రింద అమర్చి, బోల్టులన్నీ దాని గుండా బిగిస్తే, రెండు బోల్టుల మొత్తం 1,000 కిలోలు వంద చదరపు సెంటీమీటర్ల మీద పరచుకొని సగటు పీడనం చదరపు సెంటీమీటరుకు 10 కిలోలకు దిగుతుంది. బురదలో కూరుకుపోయే కాలికి క్రింద పలక వేసినట్లే. అయితే ఈ పలక వంగని పలక కావలెను. రేకుముక్క వేస్తే బోల్టు చుట్టూ గిన్నెలాగ వంగి, బరువు మళ్ళీ అక్కడనే కేంద్రీకరిస్తుంది. మందమైన అల్యూమినియమో, ఫైబర్‌గ్లాస్ పలకయో వాడి, దాని అంచులను గుండ్రంగా రాచి అమర్చుతారు. పదునైన అంచు డెక్కు పొరను కోయగలదు. చెక్కమేకులు, మరలు ఈ పనికి ఎన్నటికీ తగవు. డెక్కు గుండా పోయి క్రింద నట్టుతో బిగిసే బోల్టు ఒక్కటే తగినది.

అమర్చడంలో మరొక శత్రువు ఉన్నది: నీరు. బాల్సా చెక్కకు తడి తగిలితే కుళ్ళుతుంది. ఒక్క బోల్టు రంధ్రం నుంచి చుక్కచుక్కగా దిగిన నీరు కొన్నేళ్లలో జానెడు మేర చెక్కను పిప్పిచేయగలదు. పైకి మాత్రం డెక్కు మునుపటి మాదిరిగానే తెల్లగా, నున్నగా ఉంటుంది! చిన్న సుత్తితో తట్టి చూచినప్పుడు ఖంగుమనవలసిన చోట బొదబొదమంటే లోపల చెక్క పోయిందని తెలుసుకోవచ్చును. కుమ్మరి దగ్గర కుండను వ్రేలితో తట్టి కొనే విద్య ఇదే.

దీనికి నివారణ ఓపికతో కూడిన పని. బోల్టు మందానికి సరిపడ రంధ్రం చేయక, మొదట పెద్ద రంధ్రం చేసి, చుట్టూ ఉన్న చెక్కను కొంత తీసివేసి, ఆ ఖాళీని చిక్కని ఎపాక్సీ జిగురుతో నింపుతారు. అది గట్టిపడిన పిమ్మట దాని నడుమ బోల్టుకు సరిపడ రంధ్రం చేస్తారు. అప్పుడు నీరు దిగినా తగిలేది ఎపాక్సీనే గాని చెక్కను కాదు. బోల్టు బిగింపుకు నలగని గట్టి స్తంభం కూడా అదే అవుతుంది. తరువాత రంధ్రం పై అంచును కొంచెం ఏటవాలుగా చెక్కి, సీలెంటు అనే సాగే బంకను పూస్తారు. చెక్కిన పల్లంలో నిలిచిన బంక బోల్టు మెడ చుట్టూ ఉంగరంలాగ ఏర్పడుతుంది. బిగించేటప్పుడు పైన బోల్టు తలను కదలకుండా పట్టుకొని, క్రింద నట్టునే త్రిప్పవలెను. తలను త్రిప్పితే ఆ ఉంగరం తెగిపోతుంది. ఇది చిన్న సంగతిగా తోచును గాని, కారే డెక్కులలో ఎన్నో దీనివల్లనే కారుతున్నవి.

ఇక లోహం ఎన్నిక. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకం వంటింటి నుంచి వచ్చినది. అది పూర్తిగా నిజం కాదు. ఈ ఉక్కులో ఉండే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొరను ఏర్పరచుతుంది. గీత పడినా, ఆక్సిజన్ అందుతున్నంత కాలం పొర తనంతట తానే పూడుకొంటుంది. అందుతున్నంత కాలం అన్న మాటలోనే చిక్కంతా ఉన్నది. గాలికి, కెరటానికి ఎదురుగా నిలిచిన కడ్డీకి ఆక్సిజన్‌కు కరవు లేదు. డెక్కు రంధ్రంలో, బంక చాటున, నిలిచిన ఉప్పునీటిలో మునిగి ఉన్న బోల్టు మెడకు ఆక్సిజన్ అందదు. ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్ ఖర్చు కాగానే అక్కడి పొర బలహీనపడుతుంది. లోహపు అయాన్లు నీటిలోకి దిగుతవి. వాటితో సమతుల్యం కోసం క్లోరైడు అయాన్లు సందులోకి చేరుతవి. నీరు ఆమ్లగుణం పొందుతుంది. ఆమ్లం లోహాన్ని ఇంకా వేగంగా తింటుంది. ఒకసారి మొదలైతే తనను తానే పోషించుకొనే క్రియ ఇది. దీనిని సందు తుప్పు అనవచ్చును. పైన తల, క్రింద నట్టు మెరుస్తూనే ఉంటవి. నడుమ బోల్టు పెన్సిలు ములుకులాగ సన్నబడి ఉంటుంది.

ఇంటిపాత్రలకు వాడే 304 రకపు ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటవి. 316 రకంలో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడు దాడిని మాలిబ్డినం చాలవరకు ఎదుర్కొంటుంది గనుక సముద్రం మీద 316 నే ఎన్నుకోవలెను. రెండు రకాలూ చూడడానికి ఒక్కటిగానే ఉంటవి. అయస్కాంతంతో పరీక్షించినా సాధారణంగా భేదం తెలియదు. దుకాణదారు మాట మీద కాక, బోల్టు తల మీది గుర్తు చూచి కొనడం మంచిది. ఏ-4 అనే గుర్తు 316 తరగతిది, ఏ-2 గుర్తు 304 తరగతిది. 316 ను వాడినా సందులోకి నీరు చేరకుండా చూచుకొనవలసినదే.

వేరువేరు లోహాలను జతపరచడం ఇంకొక ప్రమాదం. అల్యూమినియం పీటకు స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించి ఉప్పునీరు చిలికితే అది చిన్న విద్యుద్ఘటమే. అల్యూమినియం ఆనోడుగా మారి, తెల్లని పొడిగా రాలిపోతుంది. ఈ పాఠం నావికులకు చాలా ఖరీదుగా వచ్చినది. 1761 లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు, చెక్కను తొలిచే పురుగులు చేరకుండా, రాగిరేకులు తొడిగించింది. రెండేళ్ల తరువాత పరీక్షించగా రేకులను పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలావరకు పిండిపిండి అయిపోయినవి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. కారణమేమని వెతికితే, రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకులకు రాగికి నడుమ చిక్కుకొని ఉన్నది! వోల్టా తన ఘటాన్ని ప్రకటించినది 1800 లో; అంటే ఓడ అడుగున ఈ ప్రయోగం అంతకు నాలుగు దశాబ్దాల ముందే జరిగిపోయినది. నేడు అల్యూమినియానికి, స్టెయిన్‌లెస్‌కు నడుమ వేసే ప్లాస్టిక్ వాషరు ఆ కాగితపు ముక్కకు వారసురాలే.

కంచె ఒక్కటే కాక, డెక్కు మీద ఇంకా అనేక పరికరాలుంటవి: తాళ్లు చుట్టే క్లీట్లు, కప్పీలు, తాళ్లు కట్టే కొంకులు. వీటిని ఎక్కడ అమర్చవలెనన్నది, ఎట్లా అమర్చవలెనన్న దానికంటె తక్కువ ప్రశ్న కాదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 యాట్లు బయలుదేరినవి. తుఫానులో చిక్కి 15 మంది పోటీదారులు మరణించారు. తరువాతి విచారణలో నావికులు ఒంటికి కట్టుకొనే పట్టీలలోనూ, వాటిని తగిలించే స్థానాలలోనూ లోపాలు బయటపడినవి. డెక్కు పొడవునా పరచి కట్టిన పట్టాకు తన కొక్కెమును తగిలించుకొని నావికుడు నడుస్తాడు. కంచె తీగ దీనికి తగదు. అది అడ్డుకోవడానికే గాని కట్టుకోవడానికి కాదు. ఈ పట్టా కనీసం 2 టన్నుల బలానికి తెగనిదై ఉండవలెనని నియమం.

2017 నవంబరులో ప్రపంచ ప్రదక్షిణ పందెంలో ఉన్న ఒక యాట్, కేప్‌టౌన్ నుంచి ఆస్ట్రేలియాకు పోతూ దక్షిణ మహాసముద్రంలో ఉండగా, ముక్కు దగ్గర తెరచాపను మార్చుతున్న నావికుడు నీటిలో పడినాడు. అతడు తాడు తగిలించుకొనే ఉన్నాడు. కాని తాడు కొక్కెము డెక్కు మీది క్లీటు క్రింద ఇరుక్కొన్నది. కొక్కెము నిలువుగా లాగితే ఎంతో బలాన్ని తాళేటట్లు చేయబడినది. ఇరుక్కొన్నందువల్ల లాగుడు ప్రక్కవాటుగా పడి, వంగి, తెరచుకొన్నది. అతనిని పైకి తీసే సరికి ప్రాణం దక్కలేదు. విచారణ జరిపిన బ్రిటిష్ సముద్ర ప్రమాద పరిశోధన శాఖ, కొక్కెములు పరికరాల క్రింద చిక్కుకొనకుండా తగిలించే స్థానాలను ఏర్పాటు చేయవలెనని హెచ్చరించింది. ఇక్కడ కొక్కెమూ మంచిదే, క్లీటూ మంచిదే. వాటి రెంటి నడుమ ఉన్న దూరం మాత్రమే చెడ్డది.

సరిగ్గా ఆ నెలలోనే భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే పడవలో అదే మహాసముద్రం మీద ఆస్ట్రేలియా నుంచి న్యూజిలాండుకు పోతున్నారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నం వాసి, బి. ఐశ్వర్య హైదరాబాదు వాసి. గోవాలో నిర్మించబడిన ఆ పడవ కూడా చెక్క నడుమ గల ఫైబర్‌గ్లాస్ పడవయే. 2017 సెప్టెంబరు 10 న బయలుదేరి 2018 మే 21 న గోవాకు చేరిన ఆ యాత్రలో, పైన చెప్పిన ప్రతి బోల్టూ, ప్రతి తీగా ఎనిమిది నెలలపాటు ఉప్పునీటిలో పరీక్షకు నిలిచినది.

పాత పడవను కొన్నవారు మొదట చేయదగిన పరీక్షకు పరికరాలేవీ అక్కరలేదు. ఒక్కొక్క కడ్డీ కొసను చేతితో పట్టి లోపలికి, బయటికి ఊపుతూ, మరొకరిని పీట వైపు చూడమనవలెను. పీట అంచు దగ్గర డెక్కు పైకి లేచి దిగుతుంటే లోపల చెక్క పోయినదన్న మాట. పీట చుట్టూ నక్షత్రాకారపు సన్నని పగుళ్ళుంటే ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలినదన్న మాట. పీట క్రింది నుంచి టీ రంగు చారలు కారితే బోల్టు మెడ దగ్గర సందు తుప్పు మొదలయి ఉండవచ్చును. ఆ బోల్టులలో ఒకదానిని విప్పి చూడనిదే నిజం తెలియదు. తీగ కొసలను నొక్కి బిగించిన గొట్టాల మూతి దగ్గర కూడా ఇవే చారల కోసం చూడవలెను. గుడ్డతో తుడిస్తే చార పోతుంది. అమ్మజూపేవాడు సాధారణంగా ముందురోజే తుడిచి పెడతాడు గనుక, వాన వెలిసిన రెండు రోజులకు మళ్ళీ వెళ్ళి చూడడం మంచిది.